బాకీపై అభ్యంతర లేఖ

బాకీపై అభ్యంతర లేఖ అనగా బ్యాంకు, సహకార సంఘం, ఫైనాన్సు సంస్థ, విద్యుత్ సంస్థ లేదా వ్యక్తి తనకు రావలసి ఉన్నదని చూపించిన సొమ్ము సరికాదని తెలుపుతూ ఖాతాదారు లేదా రుణగ్రహీత లిఖితపూర్వకంగా పంపే లేఖ. ఖాతాలో నిల్వ తక్కువగా కనబడినపుడు, చెల్లించిన వాయిదా జమ కానపుడు, వడ్డీ ఎక్కువగా లెక్కించినపుడు, తీసుకోని అప్పుకు నోటీసు వచ్చినపుడు ఈ లేఖ వ్రాస్తారు. నోటిమాటగా చేసిన ఫిర్యాదుకు ఆధారం మిగలదు. లేఖకు తేదీ, నకలు, అందిన రుజువు ఉంటాయి కనుక తరువాత అంబుడ్స్‌మన్ వద్ద గాని, వినియోగదారుల కమిషన్‌లో గాని, న్యాయస్థానంలో గాని అదే మొదటి పత్రమవుతుంది. సరిగా వ్రాయని లేఖ వలన నష్టం కూడా కలుగవచ్చు. కాలదోషం పట్టనున్న బాకీని ఒక్క వాక్యంతో ఒప్పుకొంటే ఆ బాకీకి చట్టరీత్యా మళ్ళీ కొత్త గడువు మొదలవుతుంది.

చరిత్ర

తెలుగునాట వడ్డీ వ్యాపారులు, దుకాణదారులు రోజువారీ లావాదేవీలను చిట్టాలోను, వ్యక్తులవారీ లెక్కలను ఆవర్జాలోను వ్రాసుకొనేవారు. పుస్తకం అప్పిచ్చినవాని వద్దనే ఉండేది. అప్పు తీసుకొన్నవానికి పత్రం వెనుక వ్రాసిన చెల్లు తప్ప వేరొక ఆధారం ఉండేది కాదు. చదువురాని రైతు తన లెక్క తాను చూసుకొనే వీలు లేకపోవడం వలన బాకీ తగాదాలు ఎక్కువగా పెద్దమనుషుల పంచాయితీలో తేలేవి.

అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుండి వేరుపడి ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు అది మద్రాసు పాలనలో ఉన్నది. అందువలన చక్రవర్తి రాజగోపాలాచారి ప్రభుత్వం తెచ్చిన 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం ఈ జిల్లాకు కూడా వర్తించింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచి ఉన్న వడ్డీ రద్దయినట్లు ఆ చట్టం ప్రకటించింది. దానితో అసలు ఎంత, వడ్డీ ఎంత, ఏ తేదీన ఎంత చెల్లించారు అన్న ప్రశ్నలు న్యాయస్థానాలలో ముఖ్యమైనవి అయ్యాయి.

బ్యాంకుల విషయంలో 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ప్రకారం బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చిన ఖాతా నకలు సాక్ష్యంగా చెల్లుతుంది. అయితే ఆ నకలులోని పద్దు తప్పని రసీదు వంటి ఆధారంతో నిరూపించే అవకాశం ఖాతాదారుకు ఉంటుంది. భారతీయ రిజర్వు బ్యాంకు 1995లో మొదటిసారి బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ పథకాన్ని ప్రవేశపెట్టింది. బ్యాంకులకు, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకు, డిజిటల్ చెల్లింపులకు వేర్వేరుగా ఉన్న మూడు పథకాలను కలిపి 2021 నవంబరు 12న సమీకృత అంబుడ్స్‌మన్ పథకం ప్రారంభమైంది.

రామగిరి ప్రాంతంలో అప్పుల స్వరూపం

ఒకప్పుడు బంగారు గనులకు పేరొందిన రామగిరి పూర్వం అనంతపురం జిల్లాలోను, 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్నది. రామగిరి, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతమంతా వర్షాభావ ప్రాంతం. మెట్ట భూములలో వేరుశనగ ప్రధానమైన పంట. వాన రాని సంవత్సరం పంట రుణం తీరదు. తీరని రుణం మరుసటి సంవత్సరం కొత్త రుణంగా మారుతుంది. ఇట్లా కాగితంపై ప్రతి ఏటా తిరగరాసిన ఖాతాలలో అసలు, వడ్డీ కలగలిసిపోవడం సాధారణం. ధర్మవరంలో పట్టుచీరల నేతగాండ్రకు ముడిపట్టు అరువు, మగ్గానికి తీసుకొన్న అప్పు, పెద్ద షావుకారు వద్ద తీసుకొన్న బయానా అన్నవి వేర్వేరు లెక్కలుగా నడుస్తాయి. మహిళా పొదుపు సంఘాల ఖాతాలలో సంఘం పేరున ఒక లెక్క, సభ్యురాలి పేరున మరొక లెక్క ఉంటాయి.

ఈ ప్రాంతంలో గ్రామీణ బ్యాంకుల పేర్లు పలుమార్లు మారాయి. 2006 జూన్ 1న శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు, రాయలసీమ గ్రామీణ బ్యాంకు, పినాకిని గ్రామీణ బ్యాంకు కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. 2025 మే 1న అది రాష్ట్రంలోని ఇతర గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోను విలీనమయ్యాయి. పేరు మారినా పాత బ్యాంకు హక్కులు, బాధ్యతలు కొత్త బ్యాంకుకు సంక్రమిస్తాయి. పాత బ్యాంకు ఇచ్చిన రసీదు కొత్త బ్యాంకు వద్ద కూడా చెల్లుతుంది. అందువలన పాత పాస్‌బుక్కులను పారవేయకూడదు.

రుణమాఫీ లెక్కల తేడాలు

జిల్లాలో ఖాతా నిల్వలపై అభ్యంతరాలు పెద్దయెత్తున వచ్చిన సందర్భాలు రెండు. మొదటిది 2008 నాటి కేంద్ర వ్యవసాయ రుణమాఫీ పథకం. 2007 మార్చి 31 వరకు ఇచ్చి, 2007 డిసెంబరు 31 నాటికి గడువు మీరి, 2008 ఫిబ్రవరి 29 వరకు చెల్లించని రుణాలకు ఇది వర్తించింది. 2 హెక్టార్ల లోపు భూమి ఉన్న సన్న, చిన్నకారు రైతులకు పూర్తి మాఫీ లభించింది. అంతకు మించి భూమి ఉన్నవారు మిగిలిన భాగం చెల్లిస్తే 25 శాతం తగ్గింపు ఇచ్చారు. కరవు పీడితమని గుర్తించిన జిల్లాలలో ఇది 25 శాతం లేదా రూ.20,000, ఏది ఎక్కువైతే అది. మెట్టభూమి ఎక్కువగా ఉండి దిగుబడి తక్కువగా ఉండే ఇటువంటి ప్రాంతాలలో విస్తీర్ణాన్ని బట్టి అర్హత నిర్ణయించడం వలన ఒక్క సర్వే నెంబరు తప్పుగా నమోదైనా రైతు పూర్తి మాఫీని కోల్పోయే పరిస్థితి ఏర్పడింది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2013లో ఇచ్చిన నివేదికలో దేశవ్యాప్తంగా తనిఖీ చేసిన 90,576 ఖాతాలలో 20,216 ఖాతాలలో, అనగా సుమారు 22 శాతం ఖాతాలలో లోపాలు కనుగొన్నట్లు తెలిపారు.

రెండవది 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేపట్టిన రైతు రుణ విముక్తి పథకం. దీని క్రింద కుటుంబానికి రూ.1,50,000 వరకు పరిమితి విధించారు. రూ.50,000 లోపు మొత్తాలను ఒకేసారి, మిగిలినవాటిని విడతలుగా చెల్లించే ఏర్పాటు జరిగింది. మాఫీ మొత్తాన్ని రైతు తీసుకొన్న రుణాన్ని బట్టియే కాక, పంటకు ఎకరానికి నిర్ణయించిన రుణ పరిమితిని బట్టి కూడా లెక్కించారు. ఆధార్ సంఖ్య, భూమి వివరాలు, కుటుంబ వివరాలు సరిపోలని ఖాతాలు జాబితాలో నిలిచిపోయాయి. ప్రభుత్వం మాఫీ చేసినదన్న నమ్మకంతో చెల్లించకుండా ఉన్నవారికి తరువాత వడ్డీతో సహా నోటీసులు వచ్చాయి. మాఫీ ప్రకటన వేరు, బ్యాంకు ఖాతాలో జమ పడడం వేరు అన్న విషయం ఈ అనుభవం వలన స్పష్టమైంది. ఏ తేదీన ఎంత జమ అయినదో ఖాతా వివరణ పత్రంలో చూచుకొని, తేడా ఉంటే వెంటనే వ్రాతపూర్వకంగా అడగవలసి ఉంటుంది.

తేడాలు రావడానికి కారణాలు

ఖాతా నిల్వలో తేడాలకు సాధారణంగా క్రింది కారణాలు కనబడతాయి.

* కౌంటరులో చెల్లించిన సొమ్ము వేరొక ఖాతాకు జమ కావడం, లేదా సంఘం నాయకురాలి ద్వారా, వసూలు ప్రతినిధి ద్వారా ఇచ్చిన సొమ్ము బ్యాంకుకు చేరకపోవడం.
* గడువులోగా చెల్లించిన పంట రుణానికి ఇవ్వవలసిన వడ్డీ రాయితీ జమ కాకపోవడం. కేంద్ర పథకం క్రింద రూ.3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. సకాలంలో చెల్లించినవారికి మరి 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. రూ.1,00,000 రుణానికి సంవత్సరానికి ఈ తేడా రూ.3,000.
* అపరాధ రుసుము అసలులో కలిపి దానిపై మళ్ళీ వడ్డీ వేయడం. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం గడువు తప్పినందుకు వేసే మొత్తం అపరాధ రుసుముగా మాత్రమే ఉండాలి. దానిని అదనపు వడ్డీగా వేయరాదు, దానిపై వడ్డీ లెక్కించరాదు.
* వ్యవసాయ రుణంపై సంవత్సరానికి ఒకసారి కంటే ఎక్కువసార్లు చక్రవడ్డీ కట్టడం. ఇది తగదని 1994లో కార్పొరేషన్ బ్యాంకు, డి.ఎస్.గౌడ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం తెలిపింది.
* బీమా ప్రీమియం, తనిఖీ రుసుము, సంక్షిప్త సందేశాల రుసుము వంటివి తెలియకుండా ఖర్చు వ్రాయడం.
* ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవారి ఖాతాలు తారుమారు కావడం.
* ఖాతాదారుకు తెలియకుండా మోసగాళ్ళు ఎలక్ట్రానిక్ పద్ధతిలో సొమ్ము తీయడం.

లేఖకు ముందు సేకరించవలసినవి

మొదట రుణం తీసుకొన్న తేదీ నుండి నోటీసు తేదీ వరకు పూర్తి ఖాతా వివరణ పత్రాన్ని బ్యాంకు నుండి తీసుకోవాలి. చివరి నిల్వ ఒక్కటి చూస్తే తప్పు ఎక్కడ మొదలైనదో తెలియదు. దానితోబాటు రుణ మంజూరు పత్రం, రసీదులు, పాస్‌బుక్, చరవాణికి వచ్చిన సందేశాలు, అంతకుముందు వ్రాసిన దరఖాస్తుల నకళ్ళు సమకూర్చుకోవాలి. 2024 అక్టోబరు 1 నుండి మంజూరైన కొత్త వ్యక్తిగత, చిన్నతరహా వ్యాపార రుణాలకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. అందులో వార్షిక వడ్డీ రేటు, అన్ని రుసుములు, వాయిదాల పట్టిక ఉంటాయి. అందులో లేని రుసుమును రుణగ్రహీత స్పష్టమైన అంగీకారం లేకుండా వేయరాదు.

ప్రభుత్వ రంగ బ్యాంకు తన ఖాతా వివరాలు ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద రూ.10 రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. 30 రోజులలోగా సమాధానం రావలసి ఉంటుంది.

తరువాత ఒక కాగితంపై నాలుగు నిలువు గడులు గీసి తేదీ, బ్యాంకు చూపిన పద్దు, తన వద్ద ఉన్న ఆధారం, తేడా అన్నవి వరుసగా వ్రాసుకోవాలి. ఈ పట్టికయే లేఖకు ప్రాణం. తేడా అంకెలలో చెప్పలేని అభ్యంతరానికి సాధారణంగా 'లెక్క సరిగానే ఉన్నది' అన్న ఒక్క వాక్యం సమాధానంగా వస్తుంది.

లేఖలో ఉండవలసిన అంశాలు

లేఖ ఒక పుటకు మించనవసరం లేదు. తెలుగులోనే వ్రాయవచ్చు. దానిలో ఈ అంశాలు ఉండాలి.

# వ్రాసేవారి పేరు, చిరునామా, తేదీ. ఖాతా సంఖ్య పూర్తిగా ఇవ్వవచ్చును గాని, రహస్య సంకేత సంఖ్యలు, ఏటీఎం కార్డు వెనుక అంకెలు ఎన్నడూ వ్రాయరాదు.
# ఏ నోటీసుకు లేదా ఏ తేదీనాటి ఖాతా వివరణకు సమాధానమో తెలిపే సూచిక.
# ఏ పద్దుపై అభ్యంతరమో తేదీ, మొత్తంతో సహా.
# అభ్యంతరానికి కారణం, దానికి ఆధారం.
# ఏమి కోరుతున్నారో స్పష్టంగా: జమ చేయడం, వడ్డీ తిరిగి లెక్కించడం, రుసుము తీసివేయడం, లెక్క వివరం ఇవ్వడం.
# సమాధానానికి గడువు.
# జతపరచిన కాగితాల జాబితా. అసలు రసీదులు ఎన్నడూ ఇవ్వరాదు, నకళ్ళు మాత్రమే జతచేయాలి.

సిబ్బందిపై నిందలు, ఇంటి కష్టాల వర్ణన, బెదిరింపులు లేఖను బలహీనపరుస్తాయి. అభ్యంతరం లేని భాగం ఉంటే దానిని చెల్లిస్తూ ఉండడం మంచిది. లేకపోతే వివాదం తేలేలోగా ఆ భాగంపై కూడా వడ్డీ పెరుగుతుంది. ఒకటికంటె ఎక్కువ అప్పులు ఉన్నపుడు తాను చెల్లించే సొమ్ము ఏ అప్పుకు జమ చేయాలో చెల్లించే సమయంలోనే తెలిపే హక్కు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 59వ సెక్షను ప్రకారం అప్పు తీర్చేవానికి ఉన్నది. అతడు చెప్పకపోతే అప్పిచ్చినవాడు తన ఇష్టప్రకారం జమ కట్టుకోవచ్చు.

నమూనా లేఖ

రామగిరి,
తేదీ: 2025 జూలై 21

శాఖాధికారి గారికి,
.......... బ్యాంకు, .......... శాఖ.

అయ్యా,

విషయం: పంట రుణం ఖాతా సంఖ్య .......... లో జమ కాని రూ.40,000 గురించి.
సూచిక: తమ నోటీసు, తేదీ 2025 జూలై 14.

నేను 2024 జూలై 10న తమ శాఖలో రూ.90,000 పంట రుణం తీసుకొన్నాను. 2025 జూలై 10 నాటికి అసలు, వడ్డీ కలిపి రూ.96,300 బాకీ ఉన్నట్లు పై నోటీసులో చూపారు. ఈ లెక్క సరికాదు.

నేను 2025 జూన్ 3న ఇదే ఖాతాకు రూ.40,000 కౌంటరులో చెల్లించాను. రసీదు సంఖ్య ........... ఖాతా వివరణ పత్రంలో ఆ తేదీన ఈ జమ కనబడలేదు. ఈ సొమ్ము జమ చేసినచో నోటీసులోని మొత్తం రూ.56,300కు తగ్గవలసి ఉంటుంది. జూన్ 3 నుండి జూలై 10 వరకు 37 రోజులకు ఆ సొమ్ముపై 7 శాతం చొప్పున వేసిన వడ్డీ రూ.284 కూడా తీసివేయవలసి ఉంటుంది.

కావున ఈ జమను అసలు తేదీతో నమోదు చేసి, వడ్డీని తిరిగి లెక్కించి, సరిచేసిన ఖాతా వివరణ పత్రాన్ని 30 రోజులలోగా ఇప్పించవలసినదిగా కోరుతున్నాను. అంతవరకు ఈ ఖాతాపై వసూలు చర్యలు నిలిపివేయగలరు. నోటీసులో చూపిన మొత్తాన్ని నేను అంగీకరించినట్లు ఈ లేఖ వలన భావించరాదు.

జతపరచినవి: రసీదు నకలు, ఖాతా వివరణ పత్రం నకలు, నోటీసు నకలు.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)

గడువు తీరని సాధారణ రుణానికి మాత్రమే ఈ నమూనా సరిపోతుంది. ఇందులో మిగిలిన బాకీ ఉన్నట్లు పరోక్షంగా ఒప్పుకోలు ఉన్నది. పాత బాకీల విషయంలో అటువంటి వాక్యం వ్రాయరాదు.

కాలదోషం, ఒప్పుకోలు

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం సాధారణ అప్పుకు, ప్రామిసరీ నోటుకు దావా వేయడానికి గడువు మూడు సంవత్సరాలు. స్థిరాస్తి తాకట్టుపై ఇచ్చిన సొమ్మును ఆ ఆస్తి నుండి రాబట్టుకోవడానికి గడువు 12 సంవత్సరాలు. గడువు దాటిన బాకీని కాలదోషం పట్టిన బాకీ అంటారు. బాకీ రద్దు కాదు గాని, దానికై దావా వేసే వీలు పోతుంది.

ఈ చట్టంలోని 18వ సెక్షను ప్రకారం గడువు ముగియకముందు బాకీదారు సంతకంతో బాకీ ఉన్నట్లు వ్రాతపూర్వకంగా ఒప్పుకొంటే, ఆ సంతకం చేసిన తేదీ నుండి మళ్ళీ పూర్తి గడువు మొదలవుతుంది. ఎంత బాకీ అన్నది వ్రాయకపోయినా, 'ఇప్పుడు ఇవ్వలేను' అని నిరాకరించినా, 'నాకు రావలసినది తగ్గించుకోండి' అని వ్రాసినా అది ఒప్పుకోలుగానే పరిగణింపబడవచ్చు. 19వ సెక్షను ప్రకారం గడువులోగా కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లింపు చెల్లించినవాని చేతివ్రాతలో గాని సంతకంతో గాని నమోదైతే అప్పుడు కూడా కొత్త గడువు మొదలవుతుంది. గడువు పూర్తిగా దాటిన తరువాత వ్రాసిన ఒప్పుకోలుకు ఈ శక్తి లేదు. కాని ఆ బాకీ చెల్లిస్తానని సంతకంతో వాగ్దానం చేస్తే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం అది కొత్త ఒప్పందంగా చెల్లుతుంది.

అందువలన పాత బాకీకి నోటీసు వచ్చినపుడు 'కొంత సమయం ఇవ్వండి, తీర్చుకొంటాను' అని మర్యాదకు వ్రాసిన లేఖ, చట్టం కోల్పోయిన హక్కును అప్పిచ్చినవానికి తిరిగి ఇవ్వగలదు. అటువంటి సందర్భంలో లెక్క వివరం, అసలు పత్రం నకలు మాత్రమే కోరుతూ, బాకీని ఒప్పుకోవడం గాని చెల్లింపు మాట గాని లేకుండా వ్రాయాలి. పంపేముందు న్యాయవాదిని సంప్రదించడం అవసరం. బ్యాంకులు రుణ పునరుద్ధరణ పత్రాలపై సంతకాలు కోరినపుడు కూడా ఇదే జాగ్రత్త పాటించాలి.

ప్రామిసరీ నోట్లు, చేబదుళ్ళు

గ్రామాలలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలు అని చెబుతారు. 'రెండు రూపాయల వడ్డీ' అనగా సంవత్సరానికి 24 శాతం. మూడేండ్ల గడువు సమీపించినపుడు వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయడం వాడుక. రూ.50,000 అప్పుకు రెండు రూపాయల వడ్డీ చొప్పున మూడేండ్లకు రూ.36,000 అవుతుంది. నోటును రూ.86,000కు తిరగరాస్తే తరువాతి మూడేండ్ల వడ్డీ రూ.61,920, మొత్తం రూ.1,47,920. తిరగరాయకుండా సాధారణ వడ్డీ అయితే ఆరేండ్లకు మొత్తం రూ.1,22,000 మాత్రమే. తేడా రూ.25,920. కొత్త నోటు వ్రాసినపుడు పాత నోటును తిరిగి తీసుకొని రద్దు చేయించుకోకపోతే రెండు నోట్లపైనా దావా వేసే ప్రమాదం ఉన్నది.

చెల్లించిన ప్రతి మొత్తాన్ని నోటు వెనుక చెల్లు వ్రాయించి, దాని నకలు ఉంచుకోవాలి. నోటు సంతకం నిజమైతే సొమ్ము ముట్టినట్లు చట్టం మొదట భావిస్తుంది. ముట్టలేదని నిరూపించే భారం సంతకం చేసినవానిపై ఉంటుంది. ఖాళీ నోటుపై, ఖాళీ చెక్కుపై సంతకం చేయడం అందుకే ప్రమాదకరం.

చెక్కు చెల్లకపోయినపుడు వచ్చే నోటీసుకు 15 రోజులలో సొమ్ము చెల్లించవలసి ఉంటుంది. బాకీ లేదనుకొన్నవారు ఆ గడువులోగా సమాధాన నోటీసు పంపాలి. 2010లో రంగప్ప, శ్రీమోహన్ వ్యాజ్యంలో నోటీసుకు సమాధానం ఇవ్వకపోవడాన్ని సర్వోన్నత న్యాయస్థానం నిందితునికి వ్యతిరేకమైన అంశంగా పరిగణించింది.

పంపే విధానం

లేఖను రెండు ప్రతులుగా వ్రాసి, శాఖలో ఇచ్చి, రెండవ ప్రతిపై తేదీతో ముద్ర, సంతకం తీసుకోవడం అన్నిటికంటె సులువు. ముద్ర వేయడానికి నిరాకరిస్తే తపాలాలో పంపాలి. చిరకాలంగా వాడుకలో ఉన్న రిజిస్టర్డు పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో విలీనమైంది. నమోదు చేసి, అందిన రుజువు కోరుతూ స్పీడ్ పోస్టులో పంపి, రసీదును లేఖ నకలుకు కుట్టి ఉంచాలి. సరియైన చిరునామాతో నమోదు చేసి పంపిన లేఖ అందినట్లే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం 27వ సెక్షను చెబుతున్నది. ఈ-మెయిలు ద్వారా పంపినా, ఫిర్యాదు సంఖ్యను తీసుకొని వ్రాసి ఉంచుకోవాలి.

మోసపు లావాదేవీ అయితే లేఖకై ఆగక వెంటనే బ్యాంకుకు, 1930 సైబర్ సహాయ సంఖ్యకు తెలియజేయాలి. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాలలో బ్యాంకు తప్పుగాని ఖాతాదారు తప్పుగాని లేకుండా జరిగిన నష్టాన్ని మూడు పనిదినాలలోగా తెలిపితే ఖాతాదారుపై భారం ఉండదని, నాలుగు నుండి ఏడు రోజులలో తెలిపితే పరిమితమైన భారం ఉంటుందని నిర్ణయించారు. ఖాతాదారు బాధ్యతను నిరూపించే భారాన్ని బ్యాంకుపైనే ఉంచారు.

సమాధానం రానిచో

బ్యాంకు లేదా ఫైనాన్సు సంస్థ 30 రోజులలో సమాధానం ఇవ్వకపోయినా, ఇచ్చిన సమాధానం తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా సంస్థకు వ్రాసిన లేఖ నకలు లేనిదే ఆ ఫిర్యాదు నిలువదు. ఆలస్యం చేసినా ఫిర్యాదును తిరస్కరించవచ్చు. ఈ విషయమై 14448 సంఖ్యకు ఫోను చేసి తెలుసుకోవచ్చు.

ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాలు ఈ పథకం క్రిందకు రావు. సభ్యునికి, సంఘానికి మధ్య బాకీ వివాదాలను 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం 61వ సెక్షను క్రింద రిజిస్ట్రారుకు నివేదించాలి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం క్రింద నమోదైన పొదుపు సంఘాలకు వేరే పద్ధతి ఉన్నది.

సేవాలోపం వలన నష్టం కలిగితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద రెండు సంవత్సరాలలోగా జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ తీర్పే అంతిమం, దానిపై అప్పీలు ఉండదు. కనుక అంకెలు సరిచూచుకొన్న తరువాతనే సంతకం చేయాలి.

ఇల్లు, దుకాణం వంటి ఆస్తి తాకట్టులో ఉన్నపుడు 2002 నాటి సర్ఫేసీ చట్టం క్రింద 60 రోజుల నోటీసు వస్తుంది. దీనికి అభ్యంతరం తెలిపితే బ్యాంకు 15 రోజులలోగా కారణాలతో సమాధానం ఇవ్వాలి. 2004లో మార్డియా కెమికల్స్ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తరువాత ఈ అవకాశం చట్టంలో చేరింది. అప్పుడు సమాధానానికి గడువు ఒక వారం, 2013లో 15 రోజులు అయింది. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు.

విద్యుత్ బిల్లులు

శ్రీ సత్యసాయి జిల్లా దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో ఉన్నది. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం బాకీకై సరఫరా నిలిపివేసే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. బిల్లుపై అభ్యంతరం ఉన్నవారు, అభ్యంతరంతో చెల్లిస్తున్నట్లు వ్రాసి, అడిగిన మొత్తాన్ని గాని గత ఆరునెలల సగటును గాని, వీటిలో తక్కువైనదానిని చెల్లిస్తే సరఫరా నిలిపివేయరాదు. సంస్థ పరిష్కరించనిచో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆపై విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు.

రుణ చరిత్రలో తప్పులు

తీర్చిన అప్పు తీరనట్లు రుణ సమాచార సంస్థల నివేదికలో నిలిచిపోతే తరువాతి పంటకు, పిల్లల చదువుకు అప్పు పుట్టదు. 2005 నాటి రుణ సమాచార సంస్థల చట్టం క్రింద భారతదేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అన్న నాలుగు సంస్థలు పనిచేస్తున్నాయి. ఒక్కొక్క సంస్థ నుండి సంవత్సరానికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా పొందవచ్చు. తప్పును తెలిపిన 30 రోజులలోగా సరిచేయకపోతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఇది 2024 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. అప్పు తీరిన వెంటనే బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకొనడం ఈ చిక్కు రాకుండా కాపాడుతుంది.

ఇతర దేశాలలో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1974 నాటి చట్టం ప్రకారం క్రెడిట్ కార్డు బిల్లులోని తప్పును 60 రోజులలోగా లేఖ ద్వారా తెలపాలి. కార్డు సంస్థ 30 రోజులలో లేఖ అందినట్లు తెలిపి, రెండు బిల్లు కాలాలలోగా, 90 రోజులకు మించకుండా విచారణ ముగించాలి. వసూలు సంస్థ తెలిపిన అప్పుపై 30 రోజులలోగా వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే, ఆ అప్పును ధ్రువపరచేవరకు వసూలు ఆపాలని 1977 నాటి మరొక చట్టం చెబుతున్నది. చదువుకై అక్కడికి వెళ్ళే తెలుగు విద్యార్థులు ఈ గడువులను తెలుసుకొని ఉండడం అవసరం. భారతదేశంలో అన్ని అప్పులకు వర్తించే ఇటువంటి ఒకే చట్టం లేదు. బ్యాంకుకు, సహకార సంఘానికి, వ్యక్తికి వేర్వేరు నియమాలు వర్తిస్తాయి.

పరిమితులు

అభ్యంతర లేఖ వ్రాసినంత మాత్రాన బాకీ ఆగిపోదు, వడ్డీ నిలిచిపోదు, దావా గడువు మారదు. నిజమైన బాకీని ఎగవేయడానికి వ్రాసిన లేఖ న్యాయస్థానంలో వ్రాసినవానికే వ్యతిరేకంగా నిలుస్తుంది. హామీదారుపై బాధ్యత అసలు రుణగ్రహీతతో సమానం కనుక, నోటీసు అందిన హామీదారు కూడా తన పేరున వేరుగా సమాధానం పంపుకోవాలి. చదువురానివారు ఇతరులచేత వ్రాయించుకొన్నపుడు లేఖను పూర్తిగా చదివించుకొని విన్న తరువాతనే వేలిముద్ర వేయాలి. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం క్రింద మండల, జిల్లా న్యాయసేవా సంస్థల ద్వారా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.